ఆకుపచ్చ చున్నీలు రెండు

మన కాలేజీ బ్యాచ్ సంచికకి ఏదైనా రాయమని పక్ ఫోన్ చేశాడు, అదే, మన నాటకంలో పక్ వేషం కట్టినవాడు. రెండు పేజీలు మించొద్దట, ఫోటో మాత్రం ఇప్పటిదే కావాలట. రాసింది వీడి చేతికిస్తే ఎవరింటికి చేరుస్తాడోనని నా భయం. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

ఫస్టియర్ నాకు గుర్తు లేదు. ఫైనలియర్‌లో ఏం చదివామో అదీ లేదు. 1985 చలికాలం మాత్రం ఏ రోజు ఏం జరిగిందో చెప్పమన్నా చెప్తాను.

షేక్స్‌పియర్ నాటకం 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' వేయిస్తానని ఇంగ్లీషు సార్ అన్నప్పుడు మనకి అందులో అడవి తప్ప ఏదీ అర్థం కాలేదు. ఆయన బోర్డు మీద నాలుగు పేర్లు రాసి బాణాలు గీశారు. లైశాండర్, డెమెట్రియస్ ఇద్దరి బాణాలూ హెర్మియా మీదికే. హెలెనాది డెమెట్రియస్ మీదికి. హెలెనా మీదికి ఎవరిదీ లేదు. ఆ హెలెనా వేషం నాది. "ఓపిక పట్టమ్మా, మూడో అంకం రానీ" అన్నారు నా వైపు చూసి. నిద్రలేచి మొదట చూసినవాళ్ల మీద ప్రేమ పుట్టించే పూలరసం ఒకటుంది. దాన్ని డెమెట్రియస్ కళ్లలో పిండమని యక్షుల రాజు ఓబెరాన్ పంపితే, అతని బంటు పక్ పొరబడి లైశాండర్ కళ్లలో పిండాడు. తర్వాత ఓబెరానే డెమెట్రియస్ కళ్లలో పిండాక ఆ రెండు బాణాలూ చెరిపి హెలెనా మీదికి గీసేసరికి సార్ కోటు నిండా సుద్దే. "తప్పు పక్‌ది కాదు. ఏథెన్స్ బట్టలు కట్టినవాడని ఒక్క ఆనవాలు చెప్పి పంపాడు చూడు, ఆ ఓబెరాన్‌ది" అనేవారు.

హెర్మియా నన్ను 'మేపోల్' అని తిట్టాలి. వాళ్ల దేశంలో మే నెలలో రంగులు పూసి చుట్టూ ఆడే గుంజ అది. "మన గుడిసెకైతే నిట్రాట" అన్నారు సార్. ఆ మాట ఆయన నోట వచ్చింది ఒక్కసారే. మీ నోట ఎన్నిసార్లో లెక్క లేదు.

అడవి తెరకని సుల్తాన్‌బజార్‌లో కొన్న ఆకుపచ్చ గుడ్డ మిగిలితే నేనూ హెర్మియా చెరో చున్నీ చేసుకున్నాం. ఇక మన పక్ తప్పేముంది? "ఆకుపచ్చ చున్నీ పోరికి ఇయ్యమన్నడు" అని ఉత్తరం నా చేతిలో పెట్టి ఇరానీ హోటల్‌కి పరుగెత్తాడు.

ట్యాంక్‌బండ్ మీద డబుల్ డెక్కర్ పై అంతస్తులో విప్పాను. సాగర్‌లో అప్పటికింకా బుద్ధుడు లేడు, ఖాళీ నీళ్లు. పేరు రాయలేదు. అంతా ఇంగ్లీషు. మొదటి నాలుగు లైన్లూ నాకే అనుకున్నాను. ఐదో లైన్లో 'నీ చిన్ని చేతులు' అని ఉంది. లాడ్‌బజార్‌లో నేను అడిగేది 2.10 సైజు గాజులు.

దాన్ని కాంపోజిషన్ నోట్‌బుక్కులో దాచాను. మర్నాడు పుస్తకాలు ఇచ్చేయమంటే ఇచ్చేశాను, దానితో సహా.

సార్ మూడు రోజులకి తిరిగిచ్చారు. ఉత్తరం నిండా ఎర్ర సిరా. ఏడు తప్పులు. 'బ్యూటిఫుల్' స్పెల్లింగు మూడు రకాలుగా రాసినందుకు మూడు సున్నాలు. కింద పదికి నాలుగు. ఎవరికి, ఎవరు అని నన్ను అడగలేదు. క్లాసులో మాత్రం, చాలా మామూలుగా, "లైశాండర్ కళ్లకి విరుగుడు పిండారు. డెమెట్రియస్‌కి ఎవరూ పిండలేదు. నాటకం అయ్యాక కూడా ఆ రసం అతని కళ్లలోనే ఉంది. మరి అది ప్రేమా కాదా?" అన్నారు. ఎవరూ చెప్పలేదు. డెమెట్రియస్ కిటికీలోంచి చూస్తున్నాడు.

తర్వాతి సంగతులన్నీ మీకు తెలుసు, సగం మీరు కల్పించినవే. ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో చేసి చీఫ్ మేనేజరుగా దిగాను. ఒక్క ఆనవాలు చూసి ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. మా అమ్మాయి నాకంటే రెండంగుళాలు పొడుగు, వాలీబాల్ రాష్ట్రానికి ఆడింది. దాన్నెవరైనా నిట్రాట అనమనండి చూద్దాం.

ఎర్ర సిరా ఉత్తరం నా దగ్గరే ఉంది. కలిసినప్పుడల్లా హెర్మియా అడుగుతుంది, "అది నాది కదే, ఇచ్చేయ్" అని. పేరు రాయలేదుగా అంటాను. రాసినాయన పక్కగదిలో కళ్లజోడు వెతుక్కుంటున్నాడు, నెత్తిమీదే ఉంది.