సెకండ్ ట్రిప్ బుట్ట

ఫిబ్రవరి, గురువారం

మా స్కూలు లైబ్రరీలో స్టాక్ వెరిఫికేషన్ నడుస్తోంది. ఆయమ్మ ఒక్కో పుస్తకం తీసి, అట్ట తిప్పి, స్టాంపులో ఉన్న నంబరు చదువుతుంది. నేను యాక్సెషన్ రిజిస్టర్లో, అంటే లైబ్రరీలోకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే రిజిస్టర్లో, ఆ నంబరు పక్కన పెన్సిల్‌తో టిక్కు పెడతాను. ఆయమ్మ చదువు మూడో తరగతితోనే ఆగిపోయిందట గానీ అంకెలు మాత్రం గడగడా చదివేస్తుంది. "రెండు వేల నూట నలభై, అట్ట ఊడింది. రెండు వేల నూట నలభై ఒకటి, బానే ఉంది" అంటూ పుస్తకం ఆరోగ్యం కూడా కలిపి చెబుతుంది. దాంతో బైండింగ్‌కి పంపాల్సినవి మళ్లీ ఏరుకునే పని తప్పింది. పాత అరల్లో కలరా ఉండల వాసనకి ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు.

రెండు అరలు కూడా పూర్తి కాకముందే చీటీ వచ్చింది. మ్యాథ్స్ సార్ లీవు, 8-బికి నేను అరేంజ్‌మెంట్, అంటే ఆయన బదులు క్లాసులో నేను కూర్చోవాలి.

స్కూలు లైబ్రరీలో కొత్తగా చేరేవాళ్లెవరైనా నన్ను అడిగితే ముందు ఈ చీటీ గురించే చెబుతాను. క్లాసిఫికేషన్, క్యాటలాగింగ్ లైబ్రరీ సైన్సు డిగ్రీ బి.లిబ్‌లో నేర్పుతారు, ఎం.లిబ్‌లో ఇంకోసారి నేర్పుతారు. ఈ చీటీని ఏం చేసుకోవాలో మాత్రం ఎవరూ నేర్పరు. టైమ్‌టేబుల్ వేసేవాళ్ల కంటికి ఎప్పుడూ ఖాళీగా కనబడే మనిషి లైబ్రేరియన్ ఒక్కరే. జూన్, జూలై నెలల్లో చీటీ చూడగానే టెన్షన్ వచ్చేది. క్లాసులో అడుగు పెట్టగానే "మేడమ్, మీది ఏ సబ్జెక్టు?" అని అడిగేవారు. ఏం చెప్పాలి?

ఇప్పుడు చీటీ తీసుకుని నేరుగా వెళ్లి ఆ క్లాసు మొత్తాన్నీ లైబ్రరీకి తోలుకొచ్చేస్తున్నాను. వైస్ ప్రిన్సిపాల్ సార్‌కి కావల్సింది వరండాలో గోల లేకపోవడం. పిల్లలు ఎక్కడ కూర్చున్నా ఆయనకి ఒకటే. మాఘమాసం ముహూర్తాలు నడుస్తున్నాయి, మ్యాథ్స్ సార్‌కి బంధువర్గం పెద్దది. 8-బి వాళ్లకి ఈ నెల లైబ్రరీ పీరియడ్లు డబుల్ అయ్యాయి.

లోపలికి రాగానే ఎవరు ఎటు పోతారో ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలను. అరలన్నీ సబ్జెక్టు నంబర్ల వరసలో ఉంటాయి. అబ్బాయిల్లో సగం మంది 796.358 దగ్గరికి, అంటే క్రికెట్. వెనక బెంచీ బ్యాచ్ 793.73, పజిళ్లు. కామిక్స్ ఉండే 741.5 దగ్గర తోపులాట. చిన్న క్లాసులైతే 567.9, డైనోసార్లు. ఒకటో తరగతి పిల్లలకి ఆ పేర్లు చదవడం రాదు గానీ ఆ అర ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నంబర్లు నేను పాఠంలా చెప్పిందేమీ లేదు. ఎవరికి కావల్సింది వాళ్లే పట్టేశారు.

చిక్కంతా తెలుగు పుస్తకాలతోనే. ఈ నంబర్ల పద్ధతి 1876లో తెచ్చింది డ్యూయీ అనే అమెరికా లైబ్రేరియన్. అందులో సాహిత్యానిది 800. అమెరికా వాళ్లకి 810, ఇంగ్లీషుకి 820, జర్మన్‌కి 830, అలా యూరప్ భాషలకి వరసగా పంచుకుంటూ వచ్చి, మిగతా ప్రపంచాన్నంతా 890లో కుక్కేశారు. అందులో వెతుక్కుంటూ పోతే 894.827 దగ్గర మనం కనబడతాం. 2011 జనాభా లెక్కల్లో ఎనిమిది కోట్లు దాటిన భాషకి పాయింటు తర్వాత చోటు! పోనీ అదైనా రాద్దామంటే పిల్లల తెలుగు పుస్తకాలు చాలావరకు రెండు పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకాలు. లేబుల్ అంటించడానికి వెన్నే ఉండదు. అందుకని దసరా సెలవులకి ముందు రంగు టేపులు కొనుక్కొచ్చి, అక్షరాలు వచ్చినవాళ్లకి పసుపు, కూడబలుక్కుని చదివేవాళ్లకి ఆకుపచ్చ, తడబడకుండా చదివేవాళ్లకి ఎరుపు వేసి పెట్టాను. రిజిస్టర్లో డ్యూయీ నంబరు దానిపాటికి అది ఉంది. ఇన్‌స్పెక్షన్‌కి అది చాలు.

ఏ రంగు ఏ తరగతికి అని ఎక్కడా రాయలేదు, కావాలనే. మాది ఇంగ్లీషు మీడియం, సీబీఎస్ఈ. ఐదొందల పేజీల ఇంగ్లీషు నవల వారంలో ముగించే పిల్లవాడు తెలుగులో వత్తు కనబడితే ఆగిపోతాడు. ఈ రోజు అలాంటివాడే ఒకడు పసుపు టేపు పుస్తకం పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చి, నేనేమీ అడగకుండానే "మా చెల్లికి మేడమ్" అన్నాడు. స్టాంపు వేసి ఇచ్చేశాను. ఆ చెల్లి మా స్కూల్లోనే రెండో తరగతి, తన పుస్తకాలు తనే తీసుకెళ్తుంది. నాకెందుకు ఆ సంగతి?

చెల్లెళ్ల సంగతి అలా ఉంటే, నాయనమ్మలది ఇంకో కథ. నవంబరులో 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, బెస్ట్ రీడర్‌కి ప్రైజు ఇద్దామని కంప్యూటర్లో ఇష్యూల లిస్టు తీశాను. మొదటి పేరు ఏడో తరగతి అమ్మాయిది, అన్నీ తెలుగు నవలలే. మురిసిపోయి పిలిచి, ఏది బాగా నచ్చిందమ్మా అంటే, "నాకు తెలీదు మేడమ్, నాయనమ్మ చదువుతుంది. పెద్ద అక్షరాలున్నవి చూసి నేను పట్టుకెళ్తా" అంది. ప్రైజు మనవరాలి పేరు మీదే ఇచ్చాం. మర్నాడే ఆవిడ దగ్గర్నుంచి కబురు వచ్చింది: ఫలానా నవల రెండో భాగం ఏదీ అని. లేదు. మొదటి భాగం ఒక్కటే కొన్నారు ఎవరో మహానుభావులు. విజయవాడ వెళ్లినప్పుడల్లా ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్లలో అడుగుతూనే ఉన్నాను.

ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేసి వచ్చాను నేను. అక్కడ సెమిస్టరు మొదట్లో టెక్స్ట్‌బుక్కుల కోసం క్యూ, పరీక్షల తర్వాత నో డ్యూ సర్టిఫికెట్ కోసం క్యూ, మధ్యలో ఏసీ చప్పుడు. ఇక్కడికి వచ్చిన కొత్తలో అదే నయమనిపించింది. అప్పుడు మా ఎం.లిబ్ నోట్సులో చదివిన రంగనాథన్ గారి సంగతి తరచూ గుర్తొచ్చేది. ఆయన లెక్కల లెక్చరరు. 1924లో మద్రాసు యూనివర్సిటీకి మొదటి లైబ్రేరియన్‌గా వెళ్లి, ఆ ఒంటరితనం భరించలేక కొద్ది వారాలకే నా పాఠాలు నాకు ఇచ్చేయండి మొర్రో అని వెనక్కి వచ్చారు. ముందు లండన్ వెళ్లి అక్కడి లైబ్రరీలు చూసి రండి, అప్పటికీ నచ్చకపోతే మీ లెక్కల ఉద్యోగం మీకే అని ఒప్పందం చేసుకుని పంపించారు. వెళ్లిన మనిషి మళ్లీ లెక్కల వైపు చూడలేదు. ఇప్పుడు దేశమంతా ఆగస్టు 12న ఆయన పుట్టినరోజుకి లైబ్రేరియన్స్ డే చేస్తున్నాం. అంతటివాడికే మొదటి నెలల్లో ఊపిరాడలేదంటే మనమెంత అనుకునేదాన్ని. నన్ను లండన్ పంపేవాళ్లు ఎలాగూ లేరు కాబట్టి బస్ షెడ్డు దాకా వెళ్లాను. దాని సంగతే మధ్యాహ్నం ప్రిన్సిపాల్ మేడమ్ రూములో పంచాయితీ అయింది.

లంచ్ అవ్వగానే పిలుపు. లోపల అకౌంటెంట్ గారు కూడా కూర్చుని ఉన్నారు. సంగతి డబ్బుదేనని అర్థమైంది.

"ఇప్పటికి ఎన్ని తేలలేదమ్మా?" అన్నారు మేడమ్.

"సగం పైన చూశాం మేడమ్. పంతొమ్మిది."

"కిందటేడు సున్నా మేడమ్," అన్నారు అకౌంటెంట్ గారు ఫైలు చూస్తూ.

సున్నా నిజమే. నేను చేరిన రోజు నా చేతికి ఇచ్చినవి రెండు: యాక్సెషన్ రిజిస్టరు, తాళాల గుత్తి. అద్దాల బీరువాలన్నిటికీ తాళాలు. కిందటేటి ఇష్యూ రిజిస్టరు తెరిస్తే రాసిన పేజీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులోనూ ఎక్కువ టీచర్ల పేర్లే. నాకు ముందున్నావిడని తప్పు పట్టడానికీ లేదు. పోయిన పుస్తకం జీతంలోంచి పోతుందంటే ఎవరు మాత్రం తాళం తీస్తారు? పుస్తకాలున్నది వాడుకోవడానికే అని రంగనాథన్ గారు 1931లో మొదటి సూత్రంగా రాసిపెట్టారు గానీ, దానికి జీతం కోత వర్తిస్తుందా లేదా అన్నది రాయలేదు.

అదీ రాసిపెట్టినవాళ్లున్నారు. కేంద్ర ప్రభుత్వం 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 215వ రూలు. ఏడాదిలో పాఠకులు తీసుకెళ్లినవీ అక్కడే చూసినవీ కలిపి ప్రతి వెయ్యికి ఐదు పుస్తకాలు పోతే మామూలే అనుకోవచ్చని అందులో ఉంది. దొంగతనం, నిర్లక్ష్యం ఉండకూడదు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైన పుస్తకమో అయితే తప్పనిసరిగా విచారణ చెయ్యాలి. ఇది ప్రభుత్వ సంస్థలకి పెట్టిన రూలు, మాలాంటి ప్రైవేటు స్కూలుకి వర్తించదు. అయినా ఆ పేజీ ప్రింటు తీసుకుని అక్టోబరు నుంచీ ఫైల్లో పెట్టుకుని తిరుగుతున్నాను. ఈ రోజు బయటికి తీశాను.

"ఈ ఏడాది ఇష్యూలు ఆరు వేలు దాటాయి మేడమ్. ఈ లెక్కన ముప్పై దాకా పోవచ్చు."

అకౌంటెంట్ గారు కాగితం తీసుకుని రెండు సార్లు చదివారు. రూలు నంబరు ఉన్న కాగితం అంటే ఆయనకి గౌరవం. "ఇందులో ఎక్కువ ఎక్కడ పోయాయి?" అన్నారు, ఈసారి కొంచెం మెత్తగా.

అక్కడే ఉంది తిరకాసు. పంతొమ్మిదిలో పదకొండు బస్ షెడ్డు బుట్టలోవి.

మా స్కూలు బస్సులు సాయంత్రం రెండు ట్రిప్పులు వేస్తాయి. దగ్గర ఊళ్ల పిల్లల్ని దింపి బస్సు తిరిగి వచ్చేదాకా సెకండ్ ట్రిప్ పిల్లలు షెడ్డులో ముప్పావు గంట కూర్చుంటారు. కూర్చుంటారు అన్నది మాటవరసకి. కొట్టుకుంటారు, టిఫిన్ బాక్సు మూతలతో ఫుట్‌బాల్ ఆడతారు, రోజూ ఎవరో ఒకరు ఏడుస్తారు. వాటర్ బాటిళ్లు మోసే ప్లాస్టిక్ ట్రే ఒకటి క్యాంటీన్లో అడిగి, పల్చటి కథల పుస్తకాలు, పాత పిల్లల పత్రికలు అందులో నింపి షెడ్డులో పెట్టడం మొదలుపెట్టాను. ఎంట్రీ లేదు, సంతకం లేదు. తీసుకో, చదువు, బస్సు రాగానే బుట్టలో పడెయ్. పదకొండు పోవడంలో వింతేమీ లేదు, నిజానికి ఇంకా ఎక్కువే పోతాయనుకున్నాను.

ఇదేమీ నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. మా జిల్లా వైపే, 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. కాలువ వెంట ఊళ్లకీ, పడవ ప్రయాణికులకీ పుస్తకాలు. అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్లు 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన నేల ఇది. పడవలో పెట్టగా లేనిది బస్ షెడ్డులో పెడితే ఏం? ఈ మాట మేడమ్‌తో అన్నాను. ఆవిడది తెనాలి, పడవ సంగతి విని ఆసక్తిగా ముందుకి వంగారు. అకౌంటెంట్ గారు మాత్రం పడవలో ఎన్ని పోయాయో చెప్పమన్నారు.

చివరికి తేలిందేమిటంటే బుట్ట ఉంటుంది, జీతంలో కోత ఉండదు, పోయినవాటి ఖరీదు వచ్చే ఏడాది కొత్త పుస్తకాల బడ్జెట్లో తగ్గిస్తారు. ఆ పదకొండింటి ఖరీదు కలిపితే ఆరువందలు కూడా రాలేదు. యాన్యువల్ డేకి గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీ ఒక్కటే అంతకు ఎన్ని రెట్లో నాకు తెలుసు. పైకి అనలేదు. మొదటి ఏడాదిలో నేర్చుకున్నవాటిలో అదీ ఒకటి.

నాలుగుంపావుకి బుట్ట తీసుకుని షెడ్డుకి వెళ్లాను. పొరపాటున బస్సుల్లో ఉండిపోయాయేమో చూద్దామని ఆగి ఉన్న బస్సులు ఎక్కి వెతికాను. సీట్ల కింద రెండు దొరికాయి, ఒకదానికి చాక్లెట్ అంటుకుని ఉంది. చివరి బస్సులో డ్రైవర్ గారి అద్దం ముందు, దేవుడి పటం పక్కన, నాలుగు పుస్తకాలు బొత్తిగా పేర్చి ఉన్నాయి. పై పుస్తకంలో గుర్తుకి టోల్ గేటు రసీదు.

డ్రైవర్ గారు టీ గ్లాసుతో వచ్చి నన్ను చూసి, "అవి అయిపోయినాయమ్మా, తీసుకుపోండి. పైది మాత్రం ఇంకొంచెం ఉంది" అన్నారు. పొద్దున పిల్లల్ని దింపాక సాయంత్రం దాకా బండి దగ్గరే ఉండాలి కదా, ఫోన్లో డేటా రోజంతా రాదు అని కూడా చెప్పారు.

మూడు తీసుకుని ఒకటి వదిలేశాను. తేలనివి ఇప్పుడు పద్నాలుగు, లేదా పదమూడు. ఆ ఒక్కటీ ఎందులో వెయ్యాలో తెలీదు. ఆయన పేరు మీద కార్డు తెరుద్దామంటే సాఫ్ట్‌వేర్లో స్టూడెంట్, టీచింగ్, నాన్-టీచింగ్ అని మూడే ఉన్నాయి. డ్రైవర్లు కాంట్రాక్టు వాళ్లు, జీతాల లిస్టులో లేరు, మూడింట్లోనూ పట్టరు. రేపు అకౌంటెంట్ గారిని అడగాలి. రూలు నంబరు ఉన్న కాగితం ఏదైనా దొరికితే తీసుకెళ్లాలి.