స్టెల్వియో, 48 మలుపులు

నిన్న ఇటలీలో స్టెల్వియో కనుమ సైకిల్ మీద ఎక్కాను. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

ప్రాటో ఊరి నుంచి దాదాపు 25 కిలోమీటర్లు, కింద నుంచి పైకి 1,800 మీటర్ల ఎక్కుడు. ప్రతి మలుపుకీ నంబరు ఉంటుంది. 48తో మొదలై ఒక్కోటీ తగ్గుతూ వస్తుంది. త్రఫోయి అనే ఊరు దాటేదాకా అడవి నీడ, పక్కనే వాగు చప్పుడు. ఇరవై చిల్లర మలుపులు మిగిలి ఉండగా చెట్లు అయిపోయాయి. మిగతా దారంతా ఒక్కసారిగా ఎదురుగా కొండ గోడ మీద కనబడింది. గుండె జారిపోయింది.

1820-25 మధ్య, ఆస్ట్రియా పాలనలో, కార్లో దొనెగాని అనే ఇంజనీరు గుర్రపు బళ్ల కోసం వేయించిన దారి ఇది. ఆ రాళ్లు పేర్చిన కూలీలకి దణ్ణం పెట్టాలనిపించింది.

9వ మలుపు దగ్గర ఆగాను. చేతులు వణుకుతున్నాయి, అరటిపండు తొక్క పళ్లతో ఒలిచాను. వెనక నుంచి వచ్చిన ఓ పెద్దావిడ, జుట్టంతా తెల్లగా, సైకిల్ ఆపకుండానే "ఫోర్జా!" అని వెళ్లిపోయింది. బలం తెచ్చుకో అని. లేచాను.

పైన 2,757 మీటర్లు. చలిగాలి, ఎదురుగా ఓర్ట్‌లర్ శిఖరం మీద మంచు. ఏడ్చేశాను.

దిగేటప్పుడు 9 దగ్గర మళ్లీ ఆగి, అక్కడి గోడ రాయి మీద కాసేపు చెయ్యి వేసి ఉంచాను.