మిస్టర్, మీ చెయ్యి?

"మిస్టర్, మీరూ గుండె మీద చెయ్యి పెట్టుకోలేదుగా!"

పన్నెండో తరగతి కుర్రాడు. హుడీ టోపీ నెత్తి మీదికి లాక్కుని, డెస్కు మీద మోచేతులానించి కూర్చున్నాడు. స్పీకర్లో ఎవరో అమ్మాయి గొంతు 'ఐ ప్లెడ్జ్ అలీజియన్స్' అంటూ అమెరికా జెండా ప్రతిజ్ఞ చదువుతూ అప్పటికే సగానికి వచ్చింది. మిగతా ఇరవై ముగ్గురూ లేచి జెండా వైపు తిరిగారు. వీడొక్కడే లేవలేదు. దగ్గరికి వెళ్ళి మెల్లగా లేవమన్నాను. లేవలేదు. రెండోసారి కాస్త గట్టిగా అన్నాను. అప్పుడు నా చేతుల వంక చూసి ఆ మాట అన్నాడు. అని, లేచాడు. లేవడం అంటే కుర్చీ కాలితో వెనక్కి నెట్టి, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ.

వాడన్నది నిజమే. నా చేతులు పక్కన వేలాడుతూనే ఉన్నాయి. నేను ఈ దేశపు పౌరుణ్ణి కాను. జె-1 వీసా మీద మూడేళ్ళకని వర్జీనియాకి వచ్చిన సోషల్ మాస్టార్ని. ఈ జెండాకి విధేయుడినని నేను చెప్పలేను కాబట్టి, మర్యాదకి లేచి నిలబడతాను, నోరు మెదపను. అది ఇంతవరకూ ఎవరూ గమనించలేదనుకున్నాను. గమనించింది కూర్చున్నవాడు.

మధ్యాహ్నానికి మెయిలొచ్చింది. బడి అయిపోగానే అసిస్టెంట్ ప్రిన్సిపల్ గారి గదికి రమ్మని. ఆవిడ అరవైకి దగ్గరపడిన నల్లజాతి మహిళ. గొంతు పెంచలేదు. తలుపు మాత్రం వేశారు. "ఇక్కడ పిల్లల్ని ప్లెడ్జ్‌కి నిలబడమని మనం అడగకూడదు. గట్టిగానూ కాదు, మెల్లగానూ కాదు. గొడవ చేయకుండా కూర్చుంటే అది వాళ్ళ హక్కు. మీకు తెలుసు కదా?"

తెలుసు. అదే కదా బాధ! నేను వాడికి నాలుగో పీరియడ్‌లో చెప్పే సబ్జెక్టు గవర్నమెంటు. పౌరహక్కుల యూనిట్ కోసం చేసి పెట్టుకున్న స్లైడ్లలో మూడోది సరిగ్గా ఇదే కేసు: 1943, వెస్ట్ వర్జీనియా వర్సెస్ బార్నెట్. జెండాకి వందనం చేయమని బడి పిల్లల్ని బలవంతపెట్టకూడదని సుప్రీంకోర్టు 6-3తో చెప్పిన తీర్పు. స్లైడ్ నవంబరుకి దాచుకుని, అక్టోబరులో తప్పు చేశాను.

తెలుసని ఊరుకుని ఉంటే బాగుండేది. నోరు ఊరుకోదుగా. "మా దగ్గర టీచరు క్లాసులోకి అడుగుపెడితేనే పిల్లలంతా లేచి నిలబడతారు మేడమ్. ఇక్కడ..." అని మొదలుపెట్టాను. ఆవిడ పూర్తి చేయనివ్వలేదు. ఫార్మ్‌విల్ పేరు విన్నారా అనడిగారు.

విన్నాను. ఈ వర్జీనియాలోనే ఒక ఊరు. 1951 ఏప్రిల్‌లో అక్కడి మోటన్ హైస్కూల్లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ళ అమ్మాయి సమ్మె చేయించింది. నల్ల పిల్లలకి గదులు చాలక తారుకాగితం కప్పిన పాకల్లో కూర్చోబెట్టి చదువు చెప్పేవారు. దొంగ ఫోను చేయించి ప్రిన్సిపల్‌ని బయటికి పంపించి, టీచర్లని హాల్లోంచి వెళ్ళిపొమ్మని, పిల్లలందర్నీ వెంటబెట్టుకుని నడిచింది. ఆ సమ్మె కోర్టుకెక్కింది. ఆ కేసే తర్వాత, బడుల్లో తెల్లా నల్లా వేరుచేయడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిన బ్రౌన్ కేసులో కలిసింది. తెల్లపిల్లల్నీ నల్లపిల్లల్నీ కలిపి కూర్చోబెట్టాల్సి వస్తుందని ఆ ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ వాళ్ళు 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేశారు. ఐదేళ్ళు తెరవలేదు. ఇదంతా నేను గడగడా అప్పజెప్పాను, మార్కులు వేస్తారన్నట్టు.

"ఆ ఐదేళ్ళు మా అమ్మ బడికి వెళ్ళలేదు," అన్నారావిడ. "టీచరు మాట వినని పిల్లల వల్లే నేనీ కుర్చీలో ఉన్నాను."

ఇంటికొచ్చి కూడా నా వాదన నాకు తగ్గలేదు. నేనేం తప్పడిగాను? కొట్టానా? తిట్టానా? కూకట్‌పల్లిలో పదకొండేళ్ళు చెప్పాను. అక్కడ ప్రేయర్‌లో ఒకడు కూర్చుని ఉంటే పీఈటీ సారు వాణ్ణి ఏం చేసేవాడో మీకు చెప్పక్కర్లేదు. నేను లేవమని మాత్రమే అన్నాను, అదీ ప్లీజ్ పెట్టి. ఇక్కడికొచ్చిన కొత్తలో 'గుడ్ మాఆర్నింగ్ సాఆర్' అన్న ఆ సాగదీసిన కోరస్ వినపడక చెవులు వెలితిగా ఉండేవి. బెల్లు కొట్టినా ఎవడి లోకం వాడిది. పాఠం మధ్యలో ఒకడు లేచి చిప్స్ ప్యాకెట్ చెత్తబుట్టలో పడేసి వస్తాడు. బాత్రూమ్ పాస్ తీసుకుని వెళ్ళినవాడు ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. పేరు కూడా ఉండదు మనకి, ఉత్త 'మిస్టర్'. ఇవన్నీ మింగాను. జెండా దగ్గర మాత్రం మింగలేకపోయాను. వాళ్ళ జెండాయే, నాది కాదు. అయినా ఎందుకో వీపు మీద చెళ్ళున కొట్టినట్టయింది.

అలవాటు, అంతే. 'భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు' అని పదేళ్ళ పాటు ఎండలో కుడిచెయ్యి ముందుకు చాచి చెప్పిన ఒళ్ళు ఇది. ఆ మాటలు రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది మా నల్లగొండ జిల్లాయే, అన్నెపర్తి. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉంటూ తెలుగులోనే రాశారు. మేం చదివిన పుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది, ఆయన పేరు ఉండేది కాదు. నాకు ఆ పేరు బీఈడీలో తెలిసింది.

ఆ రాత్రి బార్నెట్ తీర్పు మళ్ళీ తెరిచాను. తప్పు ఒప్పుకోవడానికి కాదు, నాకు అనుకూలంగా ఎక్కడైనా ఒక సందు దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఇలాంటి కేసులోనే 1940లో ఇదే కోర్టు 8-1తో పిల్లలు వందనం చేయాల్సిందేనంది. మూడేళ్ళలో, నట్టనడి యుద్ధంలో, మాట మార్చుకుంది. రెండుసార్లూ కోర్టుకెక్కింది యెహోవా సాక్షులే, జెండాకి మొక్కడం తమ మతానికి విరుద్ధమనే క్రైస్తవ శాఖ వాళ్ళు. వెతుకుతుంటే ఒక పాత ఫోటో దొరికింది. అమెరికన్ బడి పిల్లలు వరసగా నిలబడి, కుడిచేతులు ముందుకు చాచి, జెండా వైపు చూస్తున్నారు. అచ్చం మా ప్రేయర్. హిట్లర్ సెల్యూట్‌లా ఉందని 1942లో దాన్ని మార్చి, గుండె మీద చెయ్యి పెట్టించారు. ఆ ఫోటోని ఎంతసేపు చూశానో. ఎండా, చెమటా, మా స్కూలు వేపచెట్టూ అన్నీ గుర్తొచ్చాయి, వాళ్ళ ముఖాలు తెల్లగా ఉన్నా.

అక్కడితో ఆపేసి పడుకోవాల్సింది. ఇండియాలో ఇలాంటిది జరిగిందా అని వెతికాను. 1986, బిజో ఇమ్మాన్యుయేల్ కేసు. కేరళలో ముగ్గురు పిల్లలు, వాళ్ళూ యెహోవా సాక్షులే. జనగణమన పాడనందుకు బడి నుంచి పంపేస్తే సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. గుత్తిలో పుట్టిన మన తెలుగాయన! అందులో ఆయన ఈ బార్నెట్ కేసునే ఉదహరించారు. పదకొండేళ్ళు సోషల్ చెప్పాను, ప్రాథమిక హక్కుల పాఠం ఇరవై సార్లయినా చెప్పి ఉంటాను, ఒక్కసారి కూడా ఆయన పేరెత్తలేదు. సిలబస్‌లో లేదు మరి, అని సర్దిచెప్పుకున్నాను. పరీక్షకి రాదు మరి.

అందులోనూ ఒక సందు పట్టుకోబోయాను: ఆ పిల్లలు పాడలేదు గానీ, లేచి నిలబడ్డారు కదా! మర్యాద తప్పలేదు కదా! అర్ధరాత్రి ఒంటిగంటకి ఆ పాయింటు దొరికి ఎంత సంబరపడ్డానో చెప్తే సిగ్గుచేటు. ఒక నిమిషం తర్వాత తట్టింది. లేచి నిలబడి నోరు మెదపనిది ఇక్కడ నేను. ఆ పిల్లల్లా నాకూ ఒక కారణం ఉంది, నన్నెవరూ అడగలేదు. వాడికేం కారణం ఉందో నేనూ అడగలేదు.

మర్నాడు క్లాసుకి ముందు వాణ్ణి బయటికి పిలిచి సారీ చెప్పాను. కారణం అడగలేదు, అడక్కూడదని అప్పటికి అర్థమైంది. మన దగ్గర ఒక మాస్టారు శిష్యుడికి క్షమాపణ చెప్తే ఊరంతా పాకిపోతుంది. వాడు భుజాలెగరేసి "యూ గుడ్, మిస్టర్" అని లోపలికెళ్ళిపోయాడు. అంతే. నేను రాత్రంతా తయారుచేసుకున్న నాలుగు వాక్యాల్లో రెండు మిగిలిపోయాయి.

నన్ను ఇంకా పీడించేది మాత్రం ఆ చెయ్యి ప్రశ్న. వసంతంలో విదేశాంగ విధానం యూనిట్ మొదలయ్యాక అది ఇంకో రూపంలో వచ్చింది. ఇక్కడి టీచర్లందరూ 'వీ' అంటారు. వీ హిరోషిమా మీద బాంబు వేశాం, వీ చంద్రుడి మీద దిగాం. తెలుగులో అయితే నాకు రెండు మాటలున్నాయి. 'మనం' అంటే నన్నూ కలుపుకోవాలి, 'మేము' అంటే వాళ్ళని వదిలేయాలి. రెండూ కుదరవు. 'యూ' అంటే నిందవేసినట్టుంటుంది. అందుకని ప్రతిసారీ 'యునైటెడ్ స్టేట్స్' అని పూర్తిగా పలుకుతాను. నా వెనక పిల్లలు నా యాసలో దాన్ని అనుకరిస్తారని నాకు తెలుసు.

1971 బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. పుస్తకంలో ఒక్క వాక్యం, అదీ నిక్సన్ చైనా ప్రయాణం పక్కన. నేను ఒక పీరియడంతా తీసుకున్నాను. ఢాకాలో అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ తమ ప్రభుత్వ విధానమే తప్పని ఏప్రిల్‌లో వాషింగ్టన్‌కి టెలిగ్రాం కొట్టడం, డిసెంబరులో యూఎస్ఎస్ ఎంటర్‌ప్రైజ్ అనే యుద్ధనౌకని బంగాళాఖాతంలోకి పంపడం, అన్నీ చెప్పాను. ఇంకోటి కూడా చెప్పాను. అరవైల్లో సూర్యాపేట దగ్గర పల్లెటూరి బడిలో మా నాన్న అమెరికా పాలపొడి పాలు తాగారు. గ్లాసు ఇంట్లోంచి తెచ్చుకోవాలి. సంచీ మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేదట. ఆ బొమ్మ దేశమే యుద్ధనౌక పంపిందని పంచాయతీ రేడియోలో విన్నప్పుడు ఆయన హైస్కూల్లో ఉన్నారు.

"మరి ఆయనేం చేశాడు?" అనడిగాడు హుడీవాడు. అప్పటికి వాడు ముందు బెంచీకి వచ్చాడు, ఫోను ఛార్జింగ్ పాయింటు అక్కడుంది కాబట్టి.

"ఏం చేస్తారు? పాలు అప్పటికే అరిగిపోయాయి," అన్నాను. క్లాసు నవ్వింది. వెనకనుంచి ఒకమ్మాయి "అయితే వీ ఎవరి వైపు, మిస్టర్?" అంది. 'యునైటెడ్ స్టేట్స్ పాకిస్తాన్ వైపు' అన్నాను. ముగ్గురు నలుగురు నా యాసలో 'యునైటెడ్ స్టేట్స్' అని గొణిగారు.

ఇప్పటికీ పొద్దున్నే స్పీకర్ మోగగానే వాడు కూర్చుంటాడు, నేను నిలబడతాను. నా చేతులు పక్కనే. ప్లెడ్జ్ అయ్యాక ఒక నిమిషం మౌనం ఉంటుంది ఇక్కడ. ఆ నిమిషంలో ఒక్కోసారి వాడూ నేనూ ఒకర్నొకరం చూసుకుంటాం.

మే నెల ఫైనల్ పరీక్షలో బార్నెట్ తీర్పు గురించి రాయమని ఐదు మార్కుల ప్రశ్న ఇచ్చాను. వాడి పేపరు: 'బడిలో ఎవరూ నిన్ను బలవంతంగా నిలబెట్టలేరు. మా టీచర్ ఒకాయన ప్రయత్నించాడు, తర్వాత ఆయనే ఆ కేసు చెప్పాడు. సుప్రీంకోర్టు, 1934.'

నాలుగు వేశాను. సంవత్సరం తప్పు రాశాడు.