గరిక వేరు పైకి ఉండాలి

మా తొమ్మిదేళ్ళ వాడికి తెలుగు మాటలు రావడం లేదని నాకు చాలా రోజుల నుంచి టెన్షన్. ఆదివారం ఆన్‌లైన్ క్లాసులో కూర్చోబెడితే అక్షరాలు వస్తున్నాయి గానీ వాటి వెనక ఏ చేనూ ఏ చెట్టూ లేదు వాడికి. మేముండేది న్యూజిలాండ్‌లో, క్వీన్స్‌టౌన్ దగ్గర.

పోయిన వసంతంలో వాకటిపు సరస్సులోని పిజన్ ఐలాండ్‌లో కలుపు తీయడానికి వాలంటీర్లు కావాలంటే ఇద్దరం వెళ్ళాం. గ్లెనార్కీ దాకా కారు, అక్కణ్ణుంచి పడవ. ఇక్కడి మూలవాసుల భాష మావోరీలో ఆ దీవి పేరు వావాహి వాకా. ఎప్పుడో మంటల్లో చాలా అడవి కాలిపోతే, ఇక్కడి చెట్లే మళ్ళీ నాటి పెంచుతున్నారు.

నాటడానికి జనం బాగానే వస్తారట, తర్వాత కలుపుకే రారు. అసలు పని అదే కదా! బీచ్ అని ఇక్కడి అడవి చెట్టు, మోకాలెత్తున్న దాని మొక్క చుట్టూ గడ్డి నడుమెత్తు పెరిగి ఉంది. ప్లాస్టిక్ తొడుగు లోపల కూడా గడ్డే, మొక్క ఎక్కడుందో వేళ్ళతో తడిమి వెతకాలి. ఉన్న కాస్త నీళ్ళూ గడ్డే తాగేస్తే ఎండాకాలంలో మొక్క బతకదు. నేను గొంతుక్కూర్చుని, గడ్డిని మొదలు దగ్గర పట్టుకుని, వేరుతో సహా లాగాను. వాడు నన్ను చూసి అలాగే కూర్చున్నాడు. అనంతపురంలో చెనిక్కాయ చేలో మా అమ్మ కూర్చునే తీరు అది. నేను వాడికి ఎప్పుడూ నేర్పలేదు.

ఒకచోట నల్లగా, సన్నగా, ఆకులు కిందికి వేలాడుతున్న పుల్ల కనిపిస్తే ఎండిపోయిందనుకుని పీకబోయాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, వద్దు! అది హొరోఎకా, చిన్నప్పుడు అలాగే ఉంటుంది." బళ్ళో చెప్పారట. పెద్దయ్యాక ఆకులు మారి, గుబురుగా మామూలు చెట్టవుతుందట. కోవై మొక్క దగ్గర మాత్రం నా వంతు వచ్చింది, ఆకులు చూపించి చింతాకులా లేదా అన్నాను. వాడికి చింతచెట్టు తెలియదు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

తింటుంటే వేకా అనే పక్షి ఒకటి వచ్చి నా చేతి తొడుగు ఎత్తుకుపోయింది. కోడిపెట్టంత ఉంటుంది, ఎగరలేదు. ఈ లేతరంగు వేకాలు మేముండే సౌత్ ఐలాండ్‌లో ఒకప్పుడు పూర్తిగా పోయాయి. 1905లో చాతమ్ దీవులకు కొన్నిటిని తీసుకెళ్ళబట్టి జాతి మిగిలింది, వాటి సంతతినే దాదాపు వందేళ్ళకు ఇటు సరస్సుల్లోని దీవులకు తెచ్చారు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో వాడు గోళ్ళలో మట్టి చూపించి, "అవ్వా, కలుపు తీసినా" అన్నాడు. అచ్చం మా ఊరి మాట! మా అమ్మ వెంటనే పనిలోకి దిగింది.

"పీకింది యాడేసినావురా?"

"చెట్టు చుట్టూ."

"వేర్లు మట్టికి తగిలితే మళ్ళా నాటుకుంటాది నాయనా. గరికైతే ఒక్క కణుపు చాలు. వేర్లు ఎండకు పెట్టల్ల."

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాం. వాడు పీకిన ప్రతి పిడికెడునూ మట్టి దులిపి, వేర్లు ఆకాశానికి పెట్టి పరుస్తున్నాడు. ఎందుకలా అని పక్కనున్న పెద్దాయన అడిగితే, "మా అవ్వ చెప్పింది" అని ఇంగ్లీషులోనే చెప్పాడు గానీ, 'అవ్వ'ను మాత్రం అవ్వ అనే అన్నాడు.