స్ట్రోక్ తర్వాత బిగుసుకుపోయిన నా ఎడమ చెయ్యి

స్ట్రోక్ వచ్చిన కొత్తలో నా ఎడమ చెయ్యి తడిగుడ్డలా వేలాడేది. ఎత్తి ఒళ్ళో పెడితే అక్కడే పడి ఉండేది. బిగువు మొదలైంది ఇంటికొచ్చిన కొన్ని వారాలకి. ముందు మోచెయ్యి మడుచుకుంది, తర్వాత మణికట్టు కిందికి వంగింది. ఆపైన బొటనవేలు అరచేతిలోకి దూరింది, మిగతా నాలుగు వేళ్ళూ దాని మీద ముడుచుకున్నాయి. పై చెయ్యి పక్కటెముకలకి అతుక్కున్నట్టు ఉండేది. చూడటానికి వచ్చినవాళ్ళు నా వేళ్ళ మధ్య తమ వేలు పెట్టి, "బలం వస్తోంది, ఎంత గట్టిగా పట్టుకుందో చూడు" అని సంబరపడేవాళ్ళు. పట్టుకున్న మాట నిజమే. వదలమంటే మాత్రం వదిలేది కాదు.

ఆ బిగువు బలం వల్ల వచ్చింది కాదని న్యూరాలజిస్ట్ చేసి చూపించారు. నా మోచేతిని మెల్లగా చాపితే సాగింది. అదే చేతిని ఒక్కసారి వేగంగా చాపబోతే సగంలో ఠక్కున ఆగిపోయింది. "చూశారామ్మా, వేగంగా లాగితే కండరం ఎదురు తిరుగుతుంది. దీన్నే స్పాస్టిసిటీ అంటాం" అన్నారు. కండరం సాగగానే దాన్ని తిరిగి ముడుచుకోమనే రిఫ్లెక్స్ ఒకటి వెన్నుపాములో ఉంటుంది. అది అందరికీ ఉండేదే, కాకపోతే మెదడు దాన్ని ఎప్పుడూ అదుపులో పెడుతూ ఉంటుంది. స్ట్రోక్‌లో మెదడు నుంచి దిగే దారులు దెబ్బతింటే ఆ అదుపు తప్పుతుంది. బిగువుని 0 నుంచి 4 వరకు కొలిచే యాష్‌వర్త్ స్కేలు మీద నా మోచేతికి 2, వేళ్ళకి 3 వేశారు. ఇంకో మాట కూడా చెప్పారు. చెయ్యి ఇలాగే ముడుచుకుని ఉండిపోతే కండరాలూ కీళ్ళ చుట్టూ ఉండే మెత్తని భాగాలూ నిజంగానే కురచైపోతాయి, అప్పుడు మందులు వేసినా చెయ్యి సాగదు. నన్ను భయపెట్టిందీ, కదిలించిందీ ఆ మాటే.

ఈ జబ్బులో బయటివాళ్ళకి కనపడని కష్టం అరచెయ్యి. ఎప్పుడూ మూసి ఉండటంతో చెమట ఆరదు. వేళ్ళ మడతల్లో చర్మం తెల్లగా నాని వాసన వేసేది. గోళ్ళు అరచేతిలో గుచ్చుకుని ఎర్రని నెలవంకలు పడేవి. కడగాలంటే పిడికిలి తెరవాలి, తెరవబోతే ప్రాణం పోయినట్టుండేది. మా అమ్మాయి వేళ్ళ కొనలు పట్టుకుని విప్పబోయేది. ఎంత లాగితే అంత బిగుసుకునేవి, దానికీ ఏడుపొచ్చేది, నాకూ వచ్చేది.

ఆ చిక్కు విప్పింది ఫిజియోథెరపిస్ట్. ఆయన చూపించిన పద్ధతి ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్న ప్రతివాళ్ళకీ పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ముందు మోచెయ్యి దిండు మీద ఆనించి, మణికట్టుని ఇంకా కిందికి, లోపలికి వంచాలి. అలా వంచితే వేళ్ళని ముడిచే స్నాయువులు వదులవుతాయి. తర్వాత బొటనవేలిని కొన దగ్గర కాకుండా మొదట్లో, అరచేతి కండ దగ్గర పట్టుకుని నెమ్మదిగా బయటికి తీయాలి. అప్పుడు మిగతా వేళ్ళు చాలావరకు వాటంతటవే సడలుతాయి. వేళ్ళు తిన్నగా అయ్యాకే మణికట్టుని కొంచెం కొంచెంగా పైకి లేపాలి. తొందర పనికిరాదు. "అమ్మా, మీరు ఊపిరి వదలండి. పాపా, నువ్వు లాగొద్దు, పట్టుకుని ఆగు" అనేవారాయన. అలా ఆగితే చెయ్యి కరుగుతున్నట్టు మెత్తబడటం మా ఇద్దరికీ తెలిసేది. కడిగి, వేళ్ళ సందులు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చేవాళ్ళం. బట్టలు వేసుకునేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. చంక కింద, చేతుల కింద పట్టుకుని నన్ను లేపకూడదన్నదీ ఆయన పెట్టిన నియమమే. బలం లేని భుజం కీలు ఆ లాగుడుకి జారుతుంది, ఆ నొప్పి బిగువుని ఇంకా పెంచుతుంది.

మందుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ముందు బాక్లోఫెన్ 5 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు ఇచ్చారు. మోతాదు పెంచాక బిగువు కొంత తగ్గింది, దానితో పాటు నా మెలకువ కూడా తగ్గింది. మధ్యాహ్నం వ్యాయామం వేళకి కూర్చునే నిద్రపోయేదాన్ని. మాత్ర ఒళ్ళంతటికీ పని చేస్తుంది, నా బాధ ఒక్క చేతిలో ఉంది. అందుకే డాక్టరు దాన్ని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. బాక్లోఫెన్‌ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, భ్రమలు రావచ్చని గట్టిగా హెచ్చరించారు. ఎవరైనా వాడుతూ ఉంటే ఈ మాట మనసులో పెట్టుకోండి.

తర్వాత రీహాబ్ డాక్టరు దగ్గర బోటులినం టాక్సిన్ ఇంజెక్షన్ల ప్రస్తావన వచ్చింది. "ముడతలకి వేసేదే కదండీ?" అని మావారు అడిగారు. అదే మందు. బోటాక్స్ అనే పేరుతో దొరికే ఈ మందుని పెద్దవాళ్ళలో చేతి స్పాస్టిసిటీకి వాడటానికి అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో అనుమతిచ్చింది. నరం కండరానికి చెప్పాల్సిన మాటని ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం మోసుకెళ్తుంది. ఈ మందు ఆ రసాయనం విడుదల కాకుండా అడ్డుకుంటుంది. ఎక్కడ వేస్తే ఆ కండరమే సడలుతుంది.

సూది వేసే ముందు ఆ రీహాబ్ డాక్టరు నన్ను ఒక ప్రశ్న అడిగారు. "చెయ్యి వదులైతే ముందుగా ఏ పని జరగాలి అమ్మా?" చెయ్యి మామూలైపోవాలి అన్నాను. "అది కాదు, పని చెప్పండి" అన్నారు. ఆలోచించి చెప్పాను, కాగితం మీద రాశారు: నొప్పి లేకుండా అరచెయ్యి కడగటం, గోళ్ళు తీయటం, జాకెట్టు చెయ్యి సులువుగా ఎక్కటం. నాకు ఈ మొత్తం చికిత్సలో అన్నిటికంటే విలువైన మాట ఆ ప్రశ్నే. ఏ కండరంలో ఎంత వేయాలన్నది ఆ జవాబుని బట్టే ఉంటుంది.

అల్ట్రాసౌండ్ తెర మీద కండరాలు చూసుకుంటూ మోచేతిని మడిచే బైసెప్స్‌లో, ముంజేతిలో మణికట్టునీ వేళ్ళనీ ముడిచే కండరాల్లో వేశారు. ముంజేతి సూదులు బాగానే నొప్పెట్టాయి. మింగటం గానీ ఊపిరి తీసుకోవటం గానీ కష్టమైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రమ్మన్నారు, అదృష్టం కొద్దీ అలాంటివేమీ రాలేదు. మొదటి రోజుల్లో ఏ తేడా లేదు. వారం దాటాక ఒక ఉదయం మా అమ్మాయి చెయ్యి కడుగుతూ, "అమ్మా, నొప్పి లేదా?" అంది. లేదు. అరచేతి మధ్య గీతలు చాలాకాలం తర్వాత పూర్తిగా కనిపించాయి.

ఇక్కడే చాలామంది నిరుత్సాహపడతారని థెరపిస్ట్ ముందే చెప్పారు, అలాగే జరిగింది. బిగువు పోయేసరికి దాని వెనకున్న బలహీనత బయటపడింది. వేళ్ళు వదులయ్యాయి, కానీ నా అంతట నేను తెరవలేకపోయాను. ఇంజెక్షన్ కదలిక ఇవ్వదు, కదలిక నేర్చుకోవటానికి వ్యవధి ఇస్తుంది. దాని ప్రభావం నాలుగు నుంచి ఆరు వారాల మధ్య బాగా కనిపించి, మూడు నాలుగు నెలల్లో తగ్గిపోతుంది. సాధారణంగా 12 వారాలు గడవనిదే మళ్ళీ వేయరు. మేం ఆ వారాలని ఎంత జాగ్రత్తగా వాడుకున్నామో చెప్పలేను. తెరిచిన అరచెయ్యి బల్ల మీద ఆనించి ఒంటి బరువు మెల్లగా దాని మీదికి తేవటం, ముంజేతి వెనక కరెంటు ప్యాడ్లు పెట్టి వేళ్ళు లేచేలా చేయటం, ఆ కరెంటుతో పాటు నేనూ లేపటానికి ప్రయత్నించటం. రాత్రి చేతిని తెరిచి ఉంచే స్ప్లింట్ పట్టీ. మంచి చేతిని కట్టేసి ఈ చేతితోనే పనులు చేయించే చికిత్స గురించి అడిగాను. దానికి మణికట్టు సుమారు 20 డిగ్రీలు, వేళ్ళు 10 డిగ్రీలు సొంతంగా లేవాలన్నారు. నాకు అప్పటికి లేవలేదు.

ఆవలింత వచ్చినప్పుడు మాత్రం ఈ చెయ్యి తనంతట తనే గుండె దాకా లేచేది. మొదటిసారి చూసి మావారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అది నా ఇష్టంతో వచ్చిన కదలిక కాదని, స్ట్రోక్ తర్వాత కొందరిలో కనిపిస్తుందని థెరపిస్ట్ మెల్లగా చెప్పారు. ఒకసారి ఉన్నట్టుండి చెయ్యి రాయిలా బిగిస్తే, డాక్టరు మోతాదు పెంచకుండా ముందు మూత్ర పరీక్ష చేయించారు. ఇన్‌ఫెక్షన్ ఉంది. అది తగ్గగానే చెయ్యి కూడా సడలింది. మలబద్ధకం, నొప్పి, చలి, బిగుతు బట్టలు, ఏవైనా సరే బిగువుని పెంచగలవు. కారణం వెతకకుండా చేతిని తిట్టుకోవద్దని ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు.

కాగితం మీద మొదట రాసిన పనులన్నీ ఇప్పుడు జరుగుతున్నాయి. వచ్చే విడతలో బైసెప్స్‌కి మోతాదు తగ్గించి, బొటనవేలిని లోపలికి లాగే కండరాల్లో వేద్దామన్నారు డాక్టరు. కొత్త లక్ష్యం కూడా రాయించారు: కుడిచేత్తో మూత తిప్పేటప్పుడు సీసాని ఎడమచేత్తో పట్టుకోవటం, పనయ్యాక వదలటం. పట్టుకోవటం వస్తోంది. వదలటానికి ఇంకా కుడిచేత్తో మణికట్టు వంచుకోవాల్సి వస్తోంది. ప్రస్తుతం పొద్దున్నా సాయంత్రం దాని మీదే సాధన.