పని చూసిన ఇంజినీరూ ప్రతివాదేనా?

హన్మకొండలో కట్టించుకున్న మా ఇంటి స్లాబు మొదటి వానాకాలంలోనే కారి, మెట్ల పక్క గోడ పెచ్చులుగా రాలింది. కాంట్రాక్టరుపై దావాకు వెళ్తే, పర్యవేక్షించిన ఇంజినీరునూ చేర్చాలా అని వకీలు గారు అడిగారు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 230వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనంతవరకు, యజమాని తరఫున కుదిర్చిన ఒప్పందానికి ఏజెంటు (ఇక్కడ యజమాని తరఫున పని చూసే ఇంజినీరు) స్వయంగా కట్టుబడడు కనుక, కాంట్రాక్టరు బిల్లు బకాయికి ఇంజినీరును లాగడం సాధారణంగా నిలవదు. మా సంగతి వేరు: ఆయనతో విడిగా ఫీజు ఒప్పందం ఉంది, స్లాబు పోసిన రోజు సైటుకు రాకుండానే బిల్లుపై సంతకం పెట్టారన్నది మా ఫిర్యాదు. చేర్చకపోతే కాంట్రాక్టరు తప్పంతా దావాలో లేని ఇంజినీరు మీదికే నెడతాడు. చేర్చితే మనకు సాక్షి కాగలిగినవాడు (ఇదే నన్ను వారం రోజులు తినేసింది) ఎదురు పక్షమవుతాడు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1, రూల్ 10 కింద తర్వాతైనా కోర్టు చేర్చగలదు గానీ, లిమిటేషన్ చట్టం (దావా వేసే గడువులను చెప్పేది) 21వ సెక్షను వల్ల, ఆయన్ని చేర్చిన రోజునే ఆయనపై దావా వేసినట్టు మామూలుగా లెక్క. మూడేళ్ల గడువు దగ్గరపడటంతో మొదటే చేర్చాం.