గ్రాండ్ ర్యాపిడ్స్‌లో కేబీఎస్ తాగిన సాయంత్రం

డెట్రాయిట్ దగ్గర నోవైలో మా అక్కావాళ్ళు ఉంటారు, ఈసారి వెళ్ళినప్పుడు ఒక వీకెండ్ గ్రాండ్ ర్యాపిడ్స్ పోదామని నేనే అడిగా, ఎందుకంటే ఫౌండర్స్ బ్రూవరీ ఉండేది అక్కడే, వాళ్ళ కేబీఎస్ (కెంటకీ బ్రేక్‌ఫాస్ట్ స్టౌట్) గురించి ఎన్నాళ్ళ నుంచో వింటున్నా, స్టౌట్ అంటే మాడేలా వేయించిన గింజలతో చేసే నల్లటి బీరు. ఐ-96 ఎక్కితే లాన్సింగ్ మీదుగా రెండు గంటల పైనే డ్రైవ్. అక్క తాగదు కాబట్టి స్టీరింగ్ తనది, అయినా రాత్రికి డౌన్‌టౌన్‌లోనే రూమ్ తీసుకున్నాం, తాగబోయేది 12 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు మరి. మన దగ్గర స్ట్రాంగ్ అని అమ్మేవి 8 దాటవు.

ట్యాప్‌రూమ్, అంటే బ్రూవరీ వాళ్ళ సొంత బార్, పెద్దదే, శనివారం కావడంతో గోల గోలగా ఉంది. నేను కేబీఎస్ ఒక్కటే చెప్పబోతుంటే బావ ఆపి "బ్రేక్‌ఫాస్ట్ స్టౌట్ కూడా చెప్పరా, రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగితేనే తేడా తెలుస్తుంది" అన్నాడు. చాలా మంచి సలహా. బ్రేక్‌ఫాస్ట్ స్టౌట్ 8.3 శాతం, ఓట్స్, కాఫీ, చాక్లెట్ వేసి చేస్తారు, పీపా సంగతి లేదు. కేబీఎస్‌లో కూడా కాఫీ, చాక్లెట్ దండిగా పడతాయి కానీ దాన్ని బర్బన్ (మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ) పెట్టిన పీపాల్లో పోసి ఏడాది పాటు వదిలేస్తారు, అది కూడా ఊరి కింద ఉన్న పాత జిప్సం గనుల్లో! అంత లోతులో ఎండాకాలమైనా చలికాలమైనా చల్లదనం పెద్దగా మారదు కాబట్టి స్టౌట్ నిదానంగా పక్వానికి వస్తుంది. కిందకి దిగి చూడాలని నాకు చాలా ఉండింది కానీ టూరిస్టులు వెళ్ళే చోటు కాదది.

ఇన్ని పీపాలు ఎక్కడివంటే, అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి, దాంతో ఒకసారి వాడిన పీపా మళ్ళీ బర్బన్‌కి పనికిరాదు, సుమారు 200 లీటర్లు పట్టే ఆ పీపాల్ని డిస్టిలరీలు అమ్మేస్తాయి. చెక్క అప్పటికే బర్బన్ పీల్చుకుని ఉంటుంది, ఇప్పుడు స్టౌట్ వెళ్ళి దాన్ని బయటికి లాగుతుంది, దాంతోపాటు ఓక్‌లోని వెనిల్లా వాసనని కూడా.

ముందు బ్రేక్‌ఫాస్ట్ స్టౌట్ తాగా. కాఫీ చేదు సూటిగా తగిలింది, డార్క్ చాక్లెట్, మెత్తటి నురగ, బాగుంది. తర్వాత కేబీఎస్. చిన్న గ్లాసులోనే ఇస్తారు, లైటుకి ఎదురుగా పట్టుకున్నా అంచు దగ్గర తప్ప వెలుతురు దాటలేదు, గ్లాసు వంచి తిప్పితే లోపలి గోడ మీద పల్చటి గోధుమరంగు పొర నిలబడి మెల్లగా జారింది. మొదటి గుక్కలో మాత్రం బర్బన్ ఘాటు, చల్లదనం, అంతే. బావ గ్లాసుని రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు, నేనూ అలాగే చేశా. పావుగంట ఆగి తాగితే అసలు సంగతి బయటపడింది, ముదురు పాకం పొయ్యి మీద నుంచి దించేముందు వస్తుందే ఆ వాసన, వెనుకే వెనిల్లా, ఆ తర్వాత చెక్క వగరు, కాఫీ ఎక్కడో చివర్లో నాలుక మీద మిగిలింది. బ్రేక్‌ఫాస్ట్ స్టౌట్‌లో ముందుకొచ్చి నిలబడ్డ కాఫీయే ఇక్కడ వెనక్కి తగ్గింది, అది పీపా చేసిన పని. అంత ఆల్కహాల్ ఉన్నా గొంతులో మంట లేదు, గుండెల దగ్గర వెచ్చగా ఉంది అంతే.

తిండి విషయానికొస్తే శాండ్‌విచ్‌లు తిన్నాం, పర్లేదు. నా మాట వింటే దీంతో కారం, ఉప్పు ఉన్నవేవీ పెట్టుకోవద్దు, భోజనం ముగించి స్వీటు బదులు తాగాల్సిన స్టౌట్ ఇది, ఒక గ్లాసు ఇద్దరు పంచుకున్నా నిండుగా ఉంటుంది.

ఒక ఫోర్ ప్యాక్ కొనుక్కున్నా, సీసాకి 355 ఎంఎల్, నాలుగూ కలిపి మన కస్టమ్స్ ఒప్పుకునే రెండు లీటర్ల లోపే. బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టమంది అక్క. రెండు సీసాలు వెంటనే తాగేస్తాం, రెండు చీకట్లో, చల్లటి చోట దాచి వచ్చే ఏడు తీస్తా, దాచే కొద్దీ కాఫీ ఇంకా తగ్గి పాకం రుచి పెరుగుతుందని బావ గట్టిగా చెప్పాడు, అది చూడాలి.